జపాన్ గుడి అడవులు నగరాల మధ్య ఎలా మిగిలాయి? షింటో, ప్రకృతి – చర్చ

హేమలత_కె
అందరికీ నమస్కారం. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. "షింటో మతం ప్రకృతిని పూజిస్తుంది, అందుకే జపాన్‌వాళ్లు చెట్టు మీద చెయ్యి వెయ్యరు" అని. కింద ఒక కొయ్య తోరణం, దాని వెనక దట్టంగా చెట్లు ఉన్న ఫొటో. ఫొటో చాలా బాగుంది, మాట మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు. మతం చెప్పినంత మాత్రాన టోక్యో లాంటి ఊళ్లో, గజం స్థలం బంగారమైన చోట, అడవి మిగులుతుందా? ఎవరో ఒకరు కాపాడి ఉండాలి కదా. వాళ్లెవరు, ఎలా కాపాడారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. నవంబరులో మావారి ఉద్యోగం మీద ఒసాకా వెళ్తున్నాం, దగ్గర్లో చూడదగ్గవి ఉంటే అవీ చెప్పండి.

కన్సాయ్_కిరణ్
హేమలతగారూ, నేను ఉండేది ఒసాకా పక్కనే. ఇక్కడ ఏ వీధిలో నడిచినా ఇళ్ల మధ్య ఉన్నట్టుండి ఒక పచ్చటి గుబురు కనిపిస్తుంది. దగ్గరికెళ్తే లోపల చిన్న గుడి. ఊరిని కాచే దేవుడి తోపు అన్నమాట, వీళ్లు చింజు నో మొరి అంటారు. పెద్ద చెట్టు ఉంటే దాని మొదలు చుట్టూ గడ్డితో పేనిన మోకు కట్టి, తెల్ల కాగితాన్ని మెరుపు తీగలా మడిచి వేలాడదీస్తారు. ఆ మోకు ఉందంటే దేవుడు దిగే చెట్టని గుర్తు. దాన్ని ముట్టుకోవడానికి కూడా జనం జంకుతారు.

ఆ జంకు ఎంత పని చేస్తుందో చూడాలంటే కయషిమ స్టేషనుకి వెళ్లండి. ఒసాకా నుంచి కేహన్ లైనులో వస్తుంది. 1970లలో రైలు మార్గాన్ని వెడల్పు చేసి పైకి ఎత్తాల్సి వచ్చినప్పుడు సరిగ్గా అడ్డంగా ఒక కర్పూరం చెట్టు ఉంది. వయసు 700 ఏళ్లంటారు. పక్కనున్న కయషిమ గుడి చెట్టు అది. కొట్టేద్దామనుకున్నారు. ఊరివాళ్లు ఒప్పుకోలేదు. కొమ్మ నరికినవాడికి జ్వరం వచ్చింది, చెట్టులోంచి పొగ వచ్చింది అని రకరకాల కథలు పుట్టాయి. చివరికి కంపెనీయే ప్లాన్ మార్చుకుంది. ఇప్పుడు ఆ చెట్టు ప్లాట్‌ఫారం మధ్యలోంచి పైకి వస్తుంది. చుట్టూ అద్దాలు, పైకప్పుకి చెట్టు పట్టేంత చదరపు రంధ్రం. రైలు దిగిన జనం ఆ మాను పక్కనుంచే మెట్ల వైపు నడుస్తారు. కింద, స్టేషను పునాది దగ్గర, అదే మొదలుకి ఆనుకుని గుడి. నేను ఆఫీసుకి వెళ్లేది ఆ లైనులోనే. తలుపులు తెరుచుకున్నప్పుడు వేసవిలో ఆకుల వాసన పెట్టెలోకి వస్తుంది.

కాబట్టి మీ సందేశంలో కొంత నిజం ఉంది. చెట్టులో దేవుడున్నాడన్న నమ్మకం ఒక రైల్వే కంపెనీ చేత డబ్బు ఖర్చు పెట్టించింది.

గ్రంథాలయం_ప్రసాద్
కిరణ్ గారు చెప్పింది నిజం. అయితే ఆ నమ్మకం ప్రభుత్వం తలుచుకుంటే ఎలా కొట్టుకుపోయిందో కూడా చెప్పుకోవాలి. లేకపోతే హేమలత గారి ప్రశ్నకి జవాబు సగమే అవుతుంది.

షింటోలో గుడి కట్టడం తర్వాత వచ్చింది. మొదట్లో ఒక చెట్టు, ఒక బండ, ఒక జలపాతం దగ్గర తాడు కట్టి దేవుణ్ణి పిలిచేవారు. ఆ పద్ధతి ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. నారా దగ్గర ఓమివా గుడిలో గర్భగుడే లేదు, వెనకున్న మివా కొండే దేవుడు. కుమనో ప్రాంతంలో 133 మీటర్ల నచి జలపాతమే దేవుడు. అలాంటప్పుడు అడవి గుడికి అలంకారం కాదు, గుడే అది.

1868లో మెయిజీ ప్రభుత్వం వచ్చి షింటోని రాజ్యం చేతిలోకి తీసుకుంది. అప్పటిదాకా కలిసిమెలిసి ఉన్న బౌద్ధాన్ని గుళ్ల నుంచి విడదీసింది. 1871లో గుళ్ల భూములు చాలావరకు సర్కారు పరం చేసుకుంది. ఆపైన 1906లో గుళ్ల విలీనం ఉత్తర్వు. ఊరికి ఒక్క గుడి చాలు, మిగతావి దాంట్లో కలిపెయ్యండి అని. గుడి పోతే తోపు పోతుంది, తోపు పోతే కలప అమ్ముకోవచ్చు. స్థానిక అధికారులకీ, కలప వ్యాపారులకీ ఇంతకన్నా ఏం కావాలి? 1914 నాటికి దేశంలో సుమారు 70,000 గుళ్లు మాయమయ్యాయి. మియె, వకయమ ప్రాంతాల్లో దెబ్బ మరీ ఎక్కువ. వందల ఏళ్ల మానులు సంతలో దుంగలయ్యాయి. షింటోని నెత్తిన పెట్టుకున్న ప్రభుత్వమే ఈ పని చేసింది. ఇది గమనించాలి.

దీనికి ఎదురు నిలిచినవాడు మినకత కుమగుసు. 1867లో వకయమలో పుట్టాడు. అమెరికా వెళ్లి, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఏళ్ల తరబడి చదువుకుని, 'నేచర్' పత్రికలో వ్యాసాలు రాసి, డిగ్రీ ఏమీ లేకుండానే తిరిగొచ్చి తనబే అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డాడు. ఆయన ప్రాణమంతా పుచ్చిన చెట్ల మీద పెరిగే స్లైమ్ మోల్డ్ అనే జిగురు జీవుల మీద. అవి దొరికేది ఎవరూ కదిలించని తడి నేల మీద, అంటే గుడి తోపుల్లో. తను నమూనాలు ఏరుకున్న తోపులు ఒక్కొక్కటే నేలమట్టం కావడం ఆయన కళ్లారా చూశాడు.

ఊరుకోలేదు. స్థానిక పత్రికలో వరసగా రాశాడు. 1910 ఆగస్టులో విలీనాన్ని ముందుండి నడిపిస్తున్న అధికారి ఒక సభకి వస్తే అక్కడికి దూసుకెళ్లి గొడవ చేశాడు. పోలీసులు పట్టుకుని 18 రోజులు లోపల ఉంచారు. మరుసటేడు జానపద పరిశోధకుడు యనగిత కునియో ఆయన ఉత్తరాలని అచ్చు వేసి ప్రముఖులకు పంచాడు. ఆ ఏడాది రాసిన ఉత్తరాల్లోనే 'ఎకాలజీ' అన్న మాట వాడాడు, జపాన్‌లో అప్పటికి ఆ మాట ఎంతమందికి తెలుసని! 1912లో రాసిన అభిప్రాయ పత్రంలో విలీనం వల్ల జరిగే నష్టాలు ఎనిమిది చూపించాడు. తోపు పోతే పిట్టలు పోతాయి, పిట్టలు పోతే పురుగులు పెరిగి పంట పోతుంది, జనం కలిసే చోటు పోతుంది, ఊరి చరిత్ర పోతుంది. భక్తి, పొలం, పిట్ట, చరిత్ర అన్నీ ఒకే ముడిలో ఉన్నాయని ఆయన వాదన. నూట పదేళ్ల నాడు ఇంత స్పష్టంగా చెప్పినవాడు నాకు తెలిసి అక్కడ మరొకరు లేరు.

అన్నీ కాపాడలేకపోయాడు. కొన్ని మిగిల్చాడు. తనబే తీరంలో కషిమ అనే చిన్న దీవి అడవి ఆయన వల్లే మిగిలింది. 1929లో షోవా చక్రవర్తి ఆ దీవి చూడటానికి వచ్చాడు. ఆయన కూడా జీవశాస్త్రం అంటే ఇష్టపడేవాడే. మినకత 110 స్లైమ్ మోల్డ్ నమూనాలు కారమెల్ మిఠాయి పెట్టెల్లో పెట్టి సమర్పించాడు. రాజుకిచ్చే కానుకకి పౌలోనియా చెక్క పెట్టె వాడటం ఆనవాయితీ. 1935లో ఆ దీవి జాతీయ సహజ స్మారకమైంది.

యాదగిరి_మేడ్చల్
ప్రసాదన్నా, మస్తు రాసిన్రు. కొండనే దేవుడు, విగ్రహం లేదు అన్నది చదువుతుంటే మా మేడారం యాదికొచ్చింది. సమ్మక్కను చిలకలగుట్ట మీదికెళ్లి తెస్తరు, అక్కడ కూడా విగ్రహం ఉండదు, కుంకుమ భరిణె, వెదురు కర్రలే అమ్మ. రెండూ ఒక్కటే తీరు అనిపిస్తలేదా?

గ్రంథాలయం_ప్రసాద్
యాదగిరీ, పోలిక మనసుకి తట్టడం సహజమే. ఒక తేడా మరిచిపోకూడదు. సమ్మక్క సారలమ్మలు రాజు మీద తిరగబడి అడవిలో ప్రాణమిచ్చిన ఆడవాళ్లుగా కొలువందుకుంటున్నారు. కోయల చరిత్ర అది. మివా కొండ దేవుడు 'యమతో' అనే తొలినాటి జపాన్ రాజ్యానికి దగ్గరవాడు. రూపం ఒకలా ఉన్నా వెనకున్న కథ వేరు. ఆ రెండింటినీ కలిపేస్తే రెండింటికీ అన్యాయం అవుతుంది.

వనజ_అటవీ
నేను అడవుల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. టోక్యో మధ్యలో అడవి ఎలా మిగిలిందని హేమలత అడిగింది కదా. టోక్యోలో మెయిజీ చక్రవర్తి పేరున ఉన్న గుడి, మెయిజీ జింగూ సంగతి అయితే, అమ్మా, అది మిగిలిన అడవి కాదు. నాటిన అడవి. మా వృత్తిలో ఉన్నవాళ్లకి అది పాఠం లాంటిది కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

మెయిజీ చక్రవర్తి 1912లో పోయాడు. ఆయనకి గుడి కట్టాలనుకున్నప్పుడు యొయొగిలో తీసుకున్న 70 హెక్టార్ల స్థలంలో ఎక్కువ భాగం పొలాలు, గడ్డి, చిత్తడి. పథకం వేసినవాళ్లు ముగ్గురు: అటవీ శాస్త్రవేత్త హోండా సెయిరోకు, ఆయన శిష్యులు హొంగో తకనొరి, ఉఎహర కెయిజి. అప్పటి ప్రధాని ఒకుమా షిగెనొబు సుగి (జపాన్ దేవదారు) చెట్లే కావాలని పట్టుబట్టాడు. ఇసే, నిక్కో గుళ్ల దగ్గర ఉన్నట్టు నిటారుగా, గంభీరంగా ఉండాలి, పొదల్లాంటి తోపు గుడికి నప్పదు అని. హోండా బృందం ఒప్పుకోలేదు. సుగికి తడి లోయలు కావాలి, టోక్యో నేల సరిపడదు, పైగా పక్కనే రైలు ఇంజన్ల పొగ. నిక్కోలో పెరిగిన సుగి మానునీ, టోక్యోలో పెరిగిన దాన్నీ కోసి వలయాలు కొలిచి, ఇక్కడిది ఎంత నెమ్మదిగా పెరుగుతోందో ప్రధానికి చూపించారు. అప్పుడు గానీ ఆయన దిగిరాలేదు.

వాళ్లు ఎంచుకున్నవి కషి, షీ, కర్పూరం లాంటి ఏడాది పొడుగునా పచ్చగా ఉండే వెడల్పాటి ఆకుల చెట్లు. అక్కడి వాతావరణానికి సహజంగా వచ్చేవి అవే. కానీ అవి ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది, గుడి తెరిచేది 1920లో. అందుకని అంచెలుగా నాటారు. పైన అప్పటికే ఉన్న ఎత్తైన పైన్ చెట్లు. వాటి కింద హినోకి (జపాన్ సైప్రస్), సుగి లాంటివి. వాటి కింద రేపటి వారసులుగా కషి, షీ, కర్పూరం మొక్కలు. పైవి ముందు చచ్చిపోతాయి, మధ్యవి కొంతకాలం ఏలుతాయి, 150 ఏళ్లకి అడుగునవి అడవి మొత్తాన్ని ఆక్రమించి తమ విత్తనాలతో తామే పెరుగుతాయి. ఏ దశలో ఎలా ఉంటుందో నాలుగు బొమ్మలు గీసి పెట్టారు. తాము చూడబోని అడవి కోసం ఆ ముగ్గురూ వేసిన లెక్క అది. వాళ్లు అనుకున్నదాని కన్నా త్వరగానే అడవి ఆ దశకి చేరింది.

దేశం నలుమూలల నుంచి దాదాపు లక్ష చెట్లు కానుకగా వచ్చాయి, 365 రకాలు. యువజన సంఘాల నుంచి సుమారు 1,10,000 మంది వచ్చి పని చేశారు. ఇక నాటిన తర్వాత పాటించిన నియమం ఒకటే: చెయ్యి పెట్టకు. కూలిన చెట్టు అక్కడే కుళ్లాలి. ఆకు బయటికి పోకూడదు. మీరు వెళ్తే చూడండి, పొడుగు వెదురు చీపుర్లతో కంకర దారి ఊడ్చేవాళ్లు ఉంటారు. ఊడ్చిన ఆకుల్ని బండ్లకెక్కించి పారెయ్యరు, పక్కనే చెట్ల కిందకి తిరిగి చల్లేస్తారు. వందేళ్లుగా అదే పని. మన పార్కుల్లో పొద్దున్నే ఆకులు కుప్పచేసి తగలబెట్టడం చూసినప్పుడల్లా నాకు ఆ చీపుర్లు గుర్తొస్తాయి.

నూరేళ్లు నిండే ముందు అక్కడ జీవజాతుల సర్వే చేశారు. మొక్కలు, పురుగులు, పక్షులు, బూజులు కలిపి దాదాపు 3,000 జాతులు తేలాయి. డేగలు గూళ్లు పెడుతున్నాయి. టోక్యోలో షిబుయా కూడలి రద్దీకి నడిచి వెళ్లేంత దూరంలో!

సుబ్బారావు_వి
వనజగారి టపా బాగుంది. కానీ మనం మంచివి మాత్రమే ఏరుకుంటున్నామని నా అనుమానం. జపాన్ భూమిలో మూడింట రెండొంతులు అడవే, నిజం. అందులో దాదాపు 40 శాతం మనుషులు నాటిన తోటలు, ఎక్కువగా సుగి, హినోకి. యుద్ధం తర్వాత కలప కోసం సహజ అడవుల్ని నరికి నాటినవి. ఆపైన విదేశీ కలప చవకగా దొరకడంతో వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. ఇప్పుడు ప్రతి వసంతంలో ఆ సుగి పుప్పొడి వల్ల జనాభాలో దాదాపు 40 శాతం మంది తుమ్ములు, కళ్ల దురదలతో బాధపడుతున్నారు. 2023లో ప్రభుత్వమే పదేళ్లలో ఈ సుగి తోటల్ని 20 శాతం తగ్గిస్తామని ప్రకటించాల్సి వచ్చింది. నదులకి కాంక్రీటు గట్లు, తీరానికి కాంక్రీటు దిమ్మెలు. ఇదంతా చేసినవాళ్లు కూడా కొత్త సంవత్సరం రోజు గుడికి వెళ్లి చేతులు జోడించేవాళ్లే.

ఇంకొకటి. "షింటో అంటే పర్యావరణ మతం" అన్న ప్రచారం ఈ మధ్య దశాబ్దాల్లో పెరిగింది. 1945కి ముందు ఇదే షింటోని చక్రవర్తి పేరున సైన్యం వెనక నిలబెట్టారు. యుద్ధం మచ్చ పోగొట్టుకోవడానికి పచ్చదనం పనికొచ్చిందని పరిశోధకులు కొందరు అంటారు, నాకూ అది సబబే అనిపిస్తుంది. మరి ఇసే గుడి ప్రతి 20 ఏళ్లకోసారి పడగొట్టి కొత్తగా కడతారు, ఒక్కసారికి 10,000 హినోకి దుంగలు పైగా కావాలి. దీన్ని ఏమంటారు?

వనజ_అటవీ
సుబ్బారావుగారూ, సుగి తోటల గురించి మీరన్నది అక్షరాలా నిజం. ఇసే విషయంలో మాత్రం కథ మీరు చెప్పినదానికన్నా లోతుగా ఉంది. నరుకుతారు, కాదనను. ఆ నరకడమే వాళ్లకి అడవి విలువ నేర్పింది.

మొదటి పునర్నిర్మాణం 690లో జరిగింది. మొదట్లో కలప గుడి వెనక కొండల నుంచే వచ్చేది. కొన్ని శతాబ్దాలకి పెద్ద చెట్లు అయిపోయాయి, వేరే చోట్ల వెతుక్కుంటూ చివరికి కిసో కొండలకి చేరారు. ఈలోపు 'ఎదో' అనే షోగున్ల పాలనా కాలంలో (1603–1868) ఇసేకి యాత్రికులు లక్షల్లో వచ్చారు. వాళ్లందరి వంటకి, స్నానాలకి కట్టెలు గుడి కొండల నుంచే. దేవుడి కొండలు భక్తుల పొయ్యిల్లోకే పోయాయి. బోడి కొండల మీద వాన పడితే ఇసుజు నది పొంగేది. 1918లో పెద్ద వరద వచ్చింది. 1923లో గుడివాళ్లు ఒక ప్రణాళిక వేసుకున్నారు: 200 ఏళ్లలో మన కలప మనమే పెంచుకోవాలి అని. గుడి అడవి ఇప్పుడు దాదాపు 5,500 హెక్టార్లు. కొంత భాగంలో గొడ్డలి పెట్టరు, మిగతాదాంట్లో హినోకిని వెడల్పాటి ఆకుల చెట్లతో కలిపి పెంచుతారు. బాగా ఎదిగే మానులకి తెల్ల రంగు గీత పెట్టి, చుట్టూ ఉన్నవాటిని పలచన చేస్తారు. 2013 నాటి 62వ పునర్నిర్మాణంలో కలపలో ఐదో వంతు పైగా సొంత అడవి నుంచే వచ్చింది. ఏడు వందల ఏళ్లలో అది మొదటిసారి.

కిసో అడవి మిగలడం గురించి కూడా చెప్పాలి. అక్కడ కాపాడింది భక్తి కాదు. ఆ 'ఎదో' కాలంలోనే ఒవారి సంస్థానం ఐదు రకాల చెట్ల మీద నిషేధం పెట్టింది. "హినోకి ఒకటి నరికితే తల ఒకటి" అని ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు. అంటే శిక్ష మరణం. మా ఉద్యోగంలో నేను చూసింది కూడా ఇదే: దేవుడి పేరు ఉన్నచోట కాపలా తేలిక, కానీ కాపలా లేకుండా దేవుడి పేరు ఒక్కటే సరిపోదు.

2033లో జరగబోయే 63వ పునర్నిర్మాణానికి మొదటి చెట్లు 2025 జూన్‌లో కిసోలో నరికారు. ఆ తంతు చూడవలసిందే. రంపం వాడరు. గొడ్డళ్లతో మొదలుకి మూడు వైపుల నుంచి బోలుగా చెక్కుతారు, మధ్యలో మూడు కాళ్లలా కొంత కొయ్య మాత్రం మిగులుతుంది. చివరికి ఒక కాలు తెంచితే అనుకున్న వైపుకే మాను ఒరుగుతుంది. తర్వాత అదే చెట్టు చిటారు కొమ్మ తెచ్చి మొద్దు నడుమ గుచ్చి దండం పెడతారు. పాత గుడి కలప కూడా పారెయ్యరు. ప్రధాన మందిరం కొప్పు స్తంభాలు ఉజి వంతెన దగ్గర తోరణాలవుతాయి, ఇంకో 20 ఏళ్లు గడిచాక వేరే ఊళ్లకి వెళ్లి మళ్లీ తోరణాలవుతాయి. మిగతా కలప దేశంలోని వేరే గుళ్లకి పోతుంది.

సుబ్బారావు_వి
ఈ వివరాలకి చాలా థాంక్సండీ. బోడి కొండలు, వరద, ఆ తర్వాత ప్రణాళిక. ఈ వరస నాకు నమ్మకం కలిగిస్తోంది. నా అభ్యంతరం "సహజంగానే ప్రకృతి ప్రేమికులు" అన్న మాట మీదే. కష్టపడి నేర్చుకున్నారు అంటే ఒప్పుకుంటాను.

కన్సాయ్_కిరణ్
దేవుడి పేరు వల్లే అడవికి ముప్పు వచ్చిన సంగతి కూడా ఒకటుంది, నారాలో. కసుగ గుడి వెనక కొండ మీద 841 నుంచి చెట్లు నరకడం, వేట రెండూ నిషేధం. ఆ అడవి 1998లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఊరిని ఆనుకుని ఇంత పాత అడవి ఉండటం అరుదు.

అదే గుడికి జింకలు కూడా పవిత్రం. తూర్పు జపాన్‌లోని కషిమ గుడి నుంచి (మినకత దీవి కాదు) దేవుడు తెల్ల జింకనెక్కి వచ్చాడని కథ. నారా పార్కులో వెయ్యికి పైగా తిరుగుతుంటాయి. వేటాడే జంతువు ఒక్కటీ లేదు. అవి అడవిలోకి వెళ్లి మొలకల్ని మేసేస్తాయి. పెద్ద కషి చెట్టు కూలితే ఆ ఖాళీలో దాని పిల్ల పెరగదు, జింకలు ముట్టని నగి, అసెబి, చైనా నుంచి వచ్చిన నన్‌కిన్‌హజె లాంటివే పెరుగుతాయి. పైకి చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది. కింద నేల వైపు చూస్తే తెలుస్తుంది: ముసలి చెట్లున్నాయి, పిల్ల చెట్లు లేవు. అందుకని లోపల అక్కడక్కడ కంచెలు వేశారు. కంచె లోపల మోకాలెత్తు పచ్చదనం, బయట బోడి మట్టి. ఆ గీత చూస్తే నిజంగా బాధేస్తుంది.

యాదగిరి_మేడ్చల్
వనజమ్మా, ఒక డౌట్. మా కాలనీ పక్కన ఖాళీ జాగాల 'మియవాకి' అని బోర్డు పెట్టి మొక్కలు ఒత్తుగ పెట్టిన్రు. మియవాకి అంటే జపాన్ ఆయనే కదా. ఈ గుడి అడవులకు, దానికి ఏమన్న సంబంధం ఉన్నదా?

వనజ_అటవీ
సంబంధం సూటిగానే ఉంది బాబూ. మియవాకి అకిర 1928లో పుట్టి 2021లో పోయిన వృక్ష శాస్త్రవేత్త. జర్మనీలో రైన్‌హోల్డ్ ట్యూక్సెన్ దగ్గర ఒక లెక్క నేర్చుకున్నాడు: మనిషి చెయ్యి తీసేస్తే ఈ నేల మీద ఏ అడవి వస్తుంది? జపాన్ తిరిగొచ్చి చూస్తే ఎక్కడ చూసినా సుగి తోటలు, పొలాలు, ఇళ్లు. అసలు అడవి నమూనా దొరికింది గుడి తోపుల్లోనే. వాటిలో షీ, కషి, తబు చెట్లు చూసి, అక్కడి విత్తనాలు తెచ్చి నారు పోసి, చదరపు మీటరుకి రెండు మూడు మొక్కల చొప్పున కలగలిపి నాటించాడు. కింద గడ్డి పరిచి, రెండు మూడేళ్లు కలుపు తీసి వదిలేస్తే చాలు. 1970లలో నిప్పన్ స్టీల్ కర్మాగారాల చుట్టూ నాటినవి పేరు తెచ్చాయి. గుడి తోపులు మిగలకపోతే ఈ పద్ధతికి ఆధారమే లేదు. మినకత పోరాటం ఎందుకు పనికొచ్చిందో ఇక్కడ తెలుస్తుంది.

మన తెలంగాణ అటవీ శాఖ దీన్నే స్థానిక జాతులతో, తక్కువ ఖర్చుతో చేసేలా మార్చి యాదాద్రి నమూనా అని పేరు పెట్టింది. నాకు బాధ కలిగించేది వేరే. చాలామంది 'ఒత్తుగా నాటు' అన్నది పట్టుకున్నారు, 'ఈ నేల అసలు అడవి ఏది' అన్న ప్రశ్న వదిలేశారు. తెలంగాణ జపాన్ కాదు. మనది ఆకు రాల్చే అడవి, చాలాచోట్ల ముళ్ల పొదలు, గడ్డి నేలలు. అక్కడ నల్లమద్ది, ఏగిస, తునికి, మోదుగ, చండ్ర ఉండాలి. గడ్డి నేలల్లో అసలు ఒత్తుగా నాటకూడదు, అక్కడి పిట్టలు, జింకలు గడ్డినే నమ్ముకున్నవి. మీ కాలనీ మొక్కల్లో ఏమున్నాయో చూసి చెప్పు. కోనోకార్పస్ ఉంటే బోర్డు మీద ఏ పేరున్నా అది మియవాకి కాదు.

యాదగిరి_మేడ్చల్
రేపు పొద్దుగాల్ల పోయి ఫొటోలు తీసి పెడ్తనమ్మా.

టోక్యో_పద్మ
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మెయిజీ జింగూ గురించి ఒక చేదు సంగతి చేర్చాలి. లోపలి అడవికి కొంత దూరంలో గైఎన్ అనే బయటి తోట ఉంది, 1926లో పూర్తయింది. గింక్గో చెట్ల బాట ఫొటోల్లో మీరందరూ చూసే ఉంటారు. అక్కడి పాత స్టేడియాలు పడగొట్టి ఆకాశహర్మ్యాలు కట్టే పథకం నడుస్తోంది. ఆ భూమిలో పెద్ద భాగం గుడిదే, గుడి కూడా ఆ పథకంలో భాగస్వామే. సంగీతకారుడు సకమొతొ ర్యూయిచి 2023 మార్చిలో చనిపోయే కొద్ది రోజుల ముందు టోక్యో గవర్నరుకి ఉత్తరం రాశాడు, ఈ చెట్లని పోనివ్వొద్దని. 2024 అక్టోబరులో నరకడం మొదలైంది. గింక్గో బాటని ఉంచుతామంటున్నారు, పక్కన తవ్వితే వేళ్లు తట్టుకుంటాయా అని మా భయం.

గుడివాళ్ల మాట కూడా విన్నాను. యుద్ధం తర్వాత గుళ్లకి ప్రభుత్వ సొమ్ము రాదు. గైఎన్ ఆదాయంతోనే లోపలి అడవిని నిలుపుతున్నామంటారు. క్యోటోలో షిమొగమొ గుడి కూడా ఇలాగే, మందిరాల మరమ్మతులకి డబ్బు కోసం తదసు అడవి అంచున అపార్ట్‌మెంట్లకి స్థలం లీజుకిచ్చింది. వాళ్ల ఇబ్బంది నిజమే. అయినా అడవిని పోషించడానికి చెట్లని అమ్ముకునే పరిస్థితి తెచ్చుకోకూడదని నా గట్టి అభిప్రాయం. లోపలి చెట్లు పవిత్రం, బయటి చెట్లు ఆస్తి అని గీత గీస్తే, ఆ గీత ఎప్పుడు జరుగుతుందో ఎవరికి తెలుసు? 1906లో జరిగింది అదే కదా, ప్రసాద్ గారూ.

గ్రంథాలయం_ప్రసాద్
అవునమ్మా. అప్పుడూ 'బాగా నిలబెట్టాల్సిన గుళ్ల కోసమే చిన్నవాటిని కలుపుతున్నాం' అనే చెప్పారు. కాకపోతే ఇప్పుడు వేల మంది సంతకాలు పెట్టి అడుగుతున్నారు, మినకత వెనక అంతమంది లేరు.

హేమలత_కె
ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మా గ్రూపులో ఆ సందేశం కింద మినకత గురించి రాసి పెట్టాను, చర్చ మొదలైంది. కిరణ్ గారూ, మాకు శని, ఆదివారాలే ఖాళీ. మివా కొండ, కయషిమ, తదసు అడవి అనుకుంటున్నాం. ఒకినోషిమ దీవికి కూడా వెళ్లొచ్చా?

కన్సాయ్_కిరణ్
ఒకినోషిమ కుదరదండీ. అది మునకత గుడి దీవి, 2017లో వారసత్వ జాబితాలోకి వచ్చింది. ఆడవాళ్లకి ఎప్పుడూ ప్రవేశం లేదు. ఏడాదికోసారి కొద్దిమంది మగవాళ్లని, సముద్రస్నానం చేయించి, రానిచ్చేవారు, అదీ ఇప్పుడు ఆపేశారు. పూజారి ఒక్కరే వంతుల వారీగా ఉంటారు. గడ్డిపరక కూడా బయటికి తేకూడదని నియమం. అడవి దక్కడానికి ఆ నియమం కారణమని ఒప్పుకుంటాను, ఆడవాళ్లని దూరం పెట్టడం మాత్రం నాకు నచ్చదు.

మివాకి శనివారం పొద్దున్నే వెళ్లండి. సై గుడి దగ్గర పేరు రాసుకుని 300 యెన్లు కట్టాలి. నమోదు 9 నుంచి 12 లోపే. పండగ రోజుల్లో కొండ మూస్తారు, ముందు రోజు వెబ్‌సైటు చూసుకోండి. చిరుగంట ఉన్న తెల్ల పట్టీ ఇస్తారు, దిగేదాకా మెడలో ఉండాలి. పైన ఫొటోలు తియ్యకూడదు, నీళ్లు తప్ప ఏమీ తినకూడదు, తాగకూడదు. రాయి గానీ ఆకు గానీ తీసుకురాకూడదు. ఎక్కి దిగడానికి రెండు గంటలు చాలు. మట్టి దారి, మంచి బూట్లు వేసుకోండి. పిల్లలుంటే టిఫిను కిందే పెట్టేయండి. తదసు అడవి ఆదివారం చూసుకోవచ్చు, క్యోటో ఊరి మధ్యలోనే, టికెట్టు లేదు. నవంబరు చివరి వారానికి పెట్టుకుంటే ఆకుల రంగులు కూడా దొరుకుతాయి. కయషిమకి ప్రత్యేకంగా రోజు పెట్టుకోనక్కర్లేదు. క్యోటోకి కేహన్ లైనులో వెళ్తే దారిలోనే వస్తుంది, అక్కడ ఎక్స్‌ప్రెస్ ఆగదు కాబట్టి లోకల్ ఎక్కండి.